క్యాంటీన్ లైన్లో హవల్దారు గారు

1984. విశాఖలో ఒక మానసిక వైద్యశాల ఓపీలో, అంటే వచ్చిపోయే రోగుల్ని చూసే గదిలో, నేను స్టాఫ్ నర్సుని. ఊళ్ళో అందరూ దాన్ని పిచ్చాసుపత్రి అనేవారు. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఓరోజు కూర్మన్నపాలెం నుంచి నూకాలమ్మ ఒక్కతే వచ్చింది. భర్త అప్పలనాయుడు రిటైరైన హవల్దారు, డెబ్బయ్యొకటి యుద్ధం చూసొచ్చినవాడు. ఇప్పుడు స్టీలుప్లాంటు కడుతున్నచోట గేటు కాపలా. ఒకసారి నిద్రలో శత్రువనుకుని ఈవిడ పీక పట్టుకున్నాడట. అప్పట్నుంచి ఇంట్లో పడుకోడు. వానొచ్చినా బయట సైకిల్ షెడ్డులోనే.

"నన్ను సంపేత్తాడని నాకు బయం నేదమ్మా. ఆయనకే ఆయనంటే బయం," అంది.

మా డాక్టరు గారు దీన్ని వార్ న్యూరోసిస్ అనేవారు. యుద్ధం అయిపోయినా ఒళ్ళు కాపలా మానదన్నమాట. వైద్యం ఉంది, కానీ మనిషి రావాలి కదా! మిలటరీవాళ్ళకి జబ్బని చెప్పుకోవడమే నామోషీ. అందులోనూ మా గుమ్మం తొక్కడమా?

మరి వాళ్ళంతా ఎగబడి వచ్చేదెక్కడికి? నెలకోసారి గాజువాకలో ఆగే మిలటరీ క్యాంటీన్ వ్యాను దగ్గరికి. సబ్బులూ రమ్మూ చవగ్గా దొరుకుతాయి మరి. డాక్టరు గారిని పోరి పోరి అక్కడే ఓ బల్ల వేయించాను. బీపీ చూస్తామంటే అందరూ చెయ్యి చాపారు. నిద్ర సంగతి అడిగితే మాత్రం ఒకటే మాట, "ఠీక్ హై". లైన్లో ఉన్న నాయుడు గారిదీ అదే పాట.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ సంగతి వదిలేయండి హవల్దారు గారూ. ఈ లైన్లో నిద్రపట్టని జవాన్లెవరో మీకు తెలీదా?" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. హవల్దారంటే తన కింది జవాన్ల మంచిచెడ్డలు పైవాళ్ళకి చెప్పాల్సినవాడు. లైను వెంట నడిచి, ఒక్కొక్కరితో మెల్లగా మాట్లాడి, నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళని డాక్టరు గారు చూసేదాకా పక్కనుంచి కదల్లేదు. ఆఖర్న తనే కుర్చీలో కూర్చుని, "నానూ పడుకోలేకపోతన్నాను సార్," అన్నాడు.

ఆ పైన ప్రతినెలా అక్కడ బల్ల వేశాం. మందులు పనిచేశాయి, కూర్చుని మాట్లాడుకున్న మాటలూ పనిచేశాయి. మనిషి తల దించుకోకుండా రాగలిగిన చోటికి వైద్యమే వెళ్ళాలని నాకు అర్థమైంది ఆయన వల్లే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాన్నే పట్టుకున్నాను.

కొన్నాళ్ళకి నూకాలమ్మ కూడా వ్యాను దగ్గరికొచ్చింది. ముసిముసిగా నవ్వుతూ నా చెవిలో అంది కదా, "ఆ నిద్దర మాత్రేదో ఇప్పుడు నాకియ్యండమ్మా. ఆయన లోపలే తొంగుంటన్నాడు. ఒకటే గురక!"