ముత్యం ఎడమకాలు

తాడేపల్లిగూడెం చలపతిరావు ముప్పై ఏళ్లు ఎద్దులకు నాడాలు కొట్టాడు. ఎద్దును పడగొట్టి, నాలుగు కాళ్లూ కట్టేశాకే సుత్తి పట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు కరువయ్యాక పెళ్లి గుర్రాల పనికి దిగాడు. తన చేతికి తిరుగులేదని ఆయన ధీమా. ధీమా మంచిదే, గుర్రాన్ని కూడా ఎద్దనుకోనంతవరకు.

ఆ ఉదయం ఏలూరు నుంచి మంగతాయారు ఫోన్ చేసింది. ముత్యం అనే తెల్లగుర్రం మీదే ఆమె ఇల్లు గడుస్తుంది.

"బాబాయ్‌గారూ, ముత్యం ముందరి ఎడమకాలు నేలకి ఆనించట్లేదండీ. మొన్న కొల్లేరు వైపు పెళ్లికి తీసుకెళ్లాం. ఆ బురదేనంటారా?"

"అయ్యుంటుందమ్మా, వస్తున్నా."

బస్సెక్కాక మాత్రం అనుమానం వచ్చింది. పది రోజుల కిందట ఆ కాలికి నాడా కొట్టింది తనే. అలవాటు చొప్పున కాలిని గుంజకు బిగించి కట్టి మరీ కొట్టాడు. కదలనివ్వని జంతువు నొప్పని ఎలా చెబుతుంది?

ఏలూరు చేరి ముత్యం కాలు పట్టుకుంటే గిట్ట వేడితో కాలిపోతోంది. ఒక్కో మేకునూ సుత్తితో మెల్లగా తట్టాడు. మూడో మేకు దగ్గర ముత్యం ఒళ్లు జలదరించింది.

మంగతాయారు తాడు అందించింది. "కట్టేయండి బాబాయ్‌గారూ. నిరుడు ఒకాయన చెయ్యి విరగ్గొట్టింది."

"వద్దమ్మా. తల పట్టుకుని చెవులు చూస్తూ ఉండు. వెనక్కి వాల్చిందంటే నొప్పెడుతున్నట్టు, వెంటనే చెప్పు."

కాలిని తన మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. భయమేసింది. అరవయ్యేళ్ల నడుముకు ఒక్క తన్ను చాలు. పటకారుతో మేకును పట్టాడు.

"చెవులు వాల్చేసిందండీ!"

ఆగాడు. చెమట కళ్లలోకి కారుతున్నా పటకారు వదల్లేదు.

"ఆఁ, ఇప్పుడు పైకెత్తింది."

లాగాడు. మేకు వెంట చీము కారింది. ముత్యం పెద్దగా ఊపిరి వదిలింది.

"బురదేనాండీ?" మంగతాయారు మళ్లీ అడిగింది.

ఔనంటే సరిపోయేది. బురదకు నోరు లేదు, గుర్రానికీ లేదు.

"కాదమ్మా. నా మేకే. లోపలి పచ్చికండలో దిగింది. కట్టేసి కొట్టాను కదా, అది గింజుకున్నా నాకు తెలియలేదు. పశువుల డాక్టరుగారిని పిలువు. మానేదాకా ఈ కాలికి నాడా వద్దు."

ఆమె ముఖం గట్టిపడింది. వెళ్లి డాక్టరుకు ఫోన్ చేసి వచ్చింది. చలపతిరావు సిగ్గుతో సామాను సంచిలో వేసుకున్నాడు.

"మిగతా మూడు కాళ్లకీ కూడా మీరే కొట్టారు కదండీ?"

"అవునమ్మా."

"అవీ చూసి వెళ్లండి. చెవులు నేను చూస్తాను."

చలపతిరావు సుత్తి మళ్లీ బయటికి తీశాడు. వెనక కాలి దగ్గరికి వంగి, తాడు జోలికి పోకుండా మొదటి మేకును మెల్లగా తట్టాడు.