గంట కట్టిన కరెంటు బండి

మదనపల్లెలో మా ఇల్లు గోడౌనుకు ఆనుకునే ఉంది. గోడౌనులో మామిడి గుజ్జు డ్రమ్ములు, వాటిని ఎత్తి పేర్చడానికి అద్దెకు తెచ్చిన డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్. దాని పొగ కిటికీలోంచి నేరుగా మా బాబు ఉయ్యాల దగ్గరికే వచ్చేది. వాడికి దగ్గు తగ్గేది కాదు. అందుకే సొంతంగా బండి కొందామన్నప్పుడు కరెంటుదే కావాలని పట్టుబట్టాను.

మామగారు కుప్పంలో ఉన్న తన బావమరిదికి ఫోన్ చేశారు. ఆయనది గ్రానైటు వ్యాపారం.

"డీజిలే తీసుకో బావా. సౌండుంటేనే బండి. కూలోళ్ళు గూడా నిద్రపోకుండా పని చేస్తారు."

నేను ఫోను అందుకుని బాబు దగ్గు సంగతి చెప్పాను. "పసిబిడ్డలన్నాక దగ్గు రాదామ్మా?" అని తేల్చేశారు. బ్యాటరీ గురించి, చార్జింగు గురించి నేను సేకరించిన కాగితాలను అత్తగారు పప్పు డబ్బాల కింద పరిచారు.

నా పోరు పడలేక మా ఆయన ట్రయలుకు కరెంటు బండి రప్పించారు. మామగారు ఏ బండినైనా చెవితోనే పరీక్షిస్తారు. కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు.

"యాలప్పా ఊరికే కూసోనుండావు? స్టార్ట్ చెయ్యి" అని డ్రైవరును కేకేశారు.

"డ్రమ్ములు గూడా ఎత్తి పెట్టేసినాను సార్. కండ్లు తెరిసి సూడండి."

"సౌండే లేనిదానికి కరెంటు బిల్లు యాల కట్టాల?"

డీజిల్ బండి కదలని ఆ రోజు బాబు దగ్గకుండా నిద్రపోయాడు. తెల్లారాక అత్తగారు "ఇదే తీసుకోండి" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకు అప్పీలు లేదు.

బండి వచ్చాక నాకు కొత్త భయం పట్టుకుంది. బాబు అప్పుడే నడక నేర్చాడు. డీజిల్ బండి వీధి చివర ఉన్నా తెలిసేది. ఇది వెనక్కి వచ్చేటప్పుడు తప్ప కూయదు, గుమ్మం ముందుకొచ్చినా తెలియదు. సౌండు కావాలని నేనే వెళ్ళి అడిగాను. మామగారి ముఖం వెలిగిపోయింది.

"నేనేం సెప్పినానమ్మా?" అంటూ పుంగనూరు నుంచి తెచ్చుకున్న పొట్టి ఆవు మెడలోని గంట విప్పి బండికి కట్టారు.

బాబుకు ఆ ఆవంటే ప్రాణం. గంట వినబడగానే అరటితొక్క పట్టుకుని బండికి ఎదురు పరుగెత్తాడు. డ్రైవరు బ్రేకు వేసి కేకేశాడు: "అమ్మా, మీవోడు బండికి మేత తెచ్చినాడు!"

ఇప్పుడు గోడౌను వైపు తలుపుకు పైన గడియ పెట్టించాం. దగ్గు పోయింది. నేను మాత్రం గంట వినబడితే ఒకసారి, వినబడకపోతే ఒకసారి లేచి ఆ గడియ చూసి వస్తున్నాను.