డ్రిల్లు సార్ నాకు చెప్పని మాట

మా డ్రిల్లు సార్ పోయారని ఆయన పక్కింటాయన ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో నా కళ్ళద్దాల అంగడిలో ఉన్నాను. మంగళవారం, పొద్దున పది దాటింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడకు కొత్త ఫ్రేము చెవుల దగ్గర సరిచేస్తున్నాను. "నీళ్ళు పోసుకోనొచ్చి కుర్చీలో కూర్చున్నాడంట. అంతే," అన్నాడాయన. నేను మొదట అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "మొన్న ఆదివారం కూడా కొండ ఎక్కినాం కదా," అన్నాను. కొండ ఎక్కిన మనిషి రెండు రోజులకే పోకూడదని ఎక్కడో రాసి ఉన్నట్టు.

హైస్కూల్లో ఆయన మాకు ఆటలు నేర్పారు. నేను లావుగా ఉండేవాణ్ణి. గ్రౌండు చుట్టూ పరుగెత్తమంటే అందరూ ముగించి కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నా నాకు ఇంకో చుట్టు మిగిలి ఉండేది. సార్ తిట్టేవారు కాదు. ఆ చివరి చుట్టు నా పక్కనే, నా వేగంతోనే ఆయనా పరుగెత్తేవారు. అప్పుడది సిగ్గుగా ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత, రిటైరై పెనుకొండలో ఇల్లు కట్టుకున్న సార్ అద్దాలు మార్చుకోవడానికి నా అంగడికి వచ్చారు. నేను నమస్కారం పెడితే ఆయన నా మొహం కంటే ముందు నా పొట్ట చూశారు.

"షుగరుండాదా?"

"ఉంది సార్."

"ఆదివారం అంగడి మూస్తావు గదా. పొద్దున్నే మొదటి బస్సుకు పెనుకొండకొచ్చెయ్. కొండ చుట్టొద్దాం."

అప్పటి నుంచి ఆరేళ్ళు, పెళ్ళిళ్ళకూ జ్వరాలకూ తప్ప ఆదివారం మానలేదు. ఊళ్ళో నుంచి పాత మెట్లదారిన ఎక్కి, కోట గోడ పక్కగా పడిపోయిన బురుజు దాకా నడిచి, వాననీళ్ళు నిలిచే రాతి దోనలో నీళ్ళున్నాయో లేదో చూసి, అవతలి వైపు సీతాఫలం చెట్ల మధ్యగా దిగి, కొండ కింది బండిబాట పట్టుకుని మళ్ళీ ఊళ్ళోకి వచ్చేవాళ్ళం. మూడు గంటలు పట్టేది. పైదాకా కార్లు పోయే రోడ్డుంది కానీ సార్ దాన్ని దారిగా లెక్కపెట్టేవారు కాదు. ఎక్కిన వైపే దిగుదామని నేను మొదట్లో అడిగాను. "పోయిన దావలోనే తిరిగి రాగూడదప్పా. చూసిందే చూస్తే కండ్లకు బద్ధకమొస్తాది," అన్నారు.

మొదటి రోజు నేను సగం మెట్లు కూడా ఎక్కలేక కూలబడ్డాను. సార్ పక్కన కూర్చుని, చొక్కా జేబులోంచి ఉడికించిన శనక్కాయలు తీసి నా చేతిలో పోశారు. లేవమనలేదు. ఆ రోజు అక్కడి నుంచే వెనక్కి వచ్చాం. రెండో వారం ఇంకాస్త పైకి. మొత్తం చుట్టు పూర్తి చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. షుగరు దారికొచ్చింది, మోకాళ్ళు మాట వినడం మొదలుపెట్టాయి. అంతకంటే ముఖ్యం, వారానికి ఒక రోజు నాకంటూ ఒకటి ఏర్పడింది. ఇవన్నీ ఆయన ఇచ్చినవి. వీటిని కాదనడానికి నేను ఇది రాయడం లేదు.

ఆయనది ధర్మవరం. చీరలు నేసే ఇల్లు. గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చుని ఆయన నాయన, చిన్నాయనలు బతుకంతా నేశారు. "మా ఇంట్లో అందరూ గుంతలో కాళ్ళు పెట్టుకోని బతికినోళ్ళేనప్పా," అని ఒకసారి దోన దగ్గర చెప్పారు. "మా నాయన ముసలోడై పైకి లేస్తే, నడిచేదానికి కాళ్ళే రాలేదు. కుర్చీలో ఏసి వాకిట్లో కూర్చోబెడితిమి. నన్నట్ల ఎవరూ కూర్చోబెట్టగూడదు." అప్పుడు ఆ మాటను నేను ఒక పెద్దాయన పాత జ్ఞాపకంగా విన్నాను.

పోయిన ఏడాది వానలకు ముందు సార్ బెంగళూరు వెళ్ళి గుండె చూపించుకుని వచ్చారు. ఆదివారం బస్సు దిగగానే అడిగాను.

"ఏమన్నారు సార్?"

"నడవమన్నారు," అని నవ్వారు. "పా."

ఆ తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. మాట్లాడుతూ ఎక్కగలిగితేనే మనిషి బాగున్నట్టు అని అదివరకు సిద్ధాంతం చెప్పేవారు, మెట్ల మీద పొడుగునా ఆయనే మాట్లాడేవారు. ఇప్పుడు, "నువ్వు చెప్పప్పా. నీ అంగడి సంగతులు విని శానా రోజులాయె," అనసాగారు. నేను చెప్పేవాణ్ణి. మధ్యమధ్య చెయ్యెత్తి నన్ను ఆపి, "అదో చూడు, బుక్కపట్నం చెరువు మెరుస్తాండాది," అనేవారు. అద్దాల వ్యాపారం చేసేవాణ్ణి, నాకు ఏ రోజూ ఏ చెరువూ కనిపించలేదు. అయినా కళ్ళు చికిలించి వెతుకుతూ నిలబడేవాణ్ణి.

చివరి ఆదివారం బురుజు దగ్గర ఆయన బండ మీద కూర్చుని, "నువ్వు ముందర పో. దావ నీకు తెలుసు గదా. నేను ఎనక వస్తా," అన్నారు. ఆరేళ్ళలో ఆయన ఎవరినీ తన ముందు నడవనివ్వలేదు. నేను దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాను. కూర్చున్నవారు లేచి నిదానంగా వస్తున్నారు. ఆ రోజు బస్సులో హిందూపురం వచ్చేదాకా నాకు ఎంత గర్వమో చెప్పలేను. డ్రిల్లు సార్ నన్ను ముందు నడవమన్నారు.

మంగళవారం నేను పెనుకొండ చేరేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. కాళ్ళకు దండం పెట్టి లేస్తుంటే సార్ భార్య నన్ను చూసింది. ఆమె నాకు ఎన్నో ఆదివారాలు దోసెలు పోసి పెట్టిన మనిషి.

"డాక్టరు కొండ ఎక్కద్దన్నాడని తెలిసీ, ఎట్ల పిలుచుకోని పోతివప్పా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే మళ్ళీ అంది, "నీకు చెప్పినానన్నాడే. వానికి అన్నీ చెప్పినాలే, ఇద్దరమూ చదును రోడ్డు మీదనే నడుస్తాం, వాడు నన్ను ఎక్కనియ్యడు అన్నాడే."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు. నాకు తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే, అక్కడ పడుకుని ఉన్న మనిషి భార్యకు అబద్ధం చెప్పాడని ఆయన ఎదుటే చెప్పినట్టవుతుంది. నేను తల దించుకున్నాను. ఆ దించుకున్న తలే ఒప్పుకోలు అయింది. వారం తిరిగేసరికి నా అంగడికి వచ్చిన, సార్ వాళ్ళ ధర్మవరం బంధువొకాయన అద్దాలు పెట్టి చూసుకుంటూ, "మీ సార్‌ను కొండకు పిల్చుకపోయింది నువ్వేనంట గదా," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీదే. నాకు చెప్పి ఉంటే నేను ఎక్కనిచ్చేవాణ్ణి కాను, నిజమే. అది ఆయనకు తెలుసు, అందుకే చెప్పలేదు. కానీ చదును రోడ్డు మీద నడిచేవాణ్ణి కానా నేను? ఆయనతో రైల్వే స్టేషన్ దాకా పోయి రమ్మన్నా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాణ్ణే. ఆ అవకాశం ఆయన నాకు ఇవ్వలేదు. ఇంట్లో నా పేరు చెప్పి గడప దాటారు, కొండ మీద నా చేత కబుర్లు చెప్పించుకుని ఊపిరి దాచుకున్నారు. అవతలి వైపు ఆ చెట్ల మధ్య ఆయన పడిపోయి ఉంటే నేను ఒక్కణ్ణే ఏం చేసేవాణ్ణి? అన్నిటికంటే ఆ ముందు నడవమన్న మాట. నేను నేర్చుకున్నానని కాదు, నేను చూడకూడదని.

నెల దాటాక, బాగు చేయడానికి ఇచ్చిన సార్ చదువుకునే అద్దాలు నా దగ్గరే ఉండిపోయాయని సాకు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం, ఆమె ఒక్కతే ఉంది. అద్దాలు తీసుకుని పక్కన పెట్టింది.

"అమ్మా, నాకు తెలీదు," అన్నాను. "సార్ నాకేమీ చెప్పలేదు."

ఆమె పక్కన పెట్టిన అద్దాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "కొండ ఎక్కుతాండాడని నాకు తెలుసప్పా," అంది. "ప్యాంటు కాళ్ళ నిండా ఉత్తరేణి గింజలు అంటుకోనొస్తాండె. తారు రోడ్డు మీద నడిచేటోనికి ఉత్తరేణి యాడ తగులుతాది? ఆదివారం వస్తే కూర్చోని ఏరేదే నా పని."

"మరి అడగలేదా?"

"అడిగితే ఒట్టు పెడతాడు. మళ్ళా ఎక్కుతాడు. పక్కన నువ్వుండావు గదా, నీకన్నీ తెలుసు గదా, నువ్వన్నా చూసుకుంటావులే అనుకుంటి. నీకూ చెప్పలేదా?"

లేదన్నట్టు తల ఊపాను. మమ్మల్ని ఇద్దరినీ ఒకరి భరోసా మీద ఒకరిని కూర్చోబెట్టి, ఆయన మధ్యలో నుంచి నడిచి వెళ్ళిపోయారు.

"తెలిసిన దానివి, అందరి ముందరా నన్నెందుకంటివమ్మా?" అన్నాను. అంత సూటిగా అడుగుతానని నేననుకోలేదు.

"ఎవరినో ఒకరిని అనాల్సొచ్చె," అంది. "ఆయన్ని అనలేకపోతి."

క్షమించమని ఆమె అడగలేదు. నేనూ పరవాలేదని అనలేదు. పరవా ఉంది. ఆయన మీద కోపం ఇప్పటికీ ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒక వాక్యంలో దండం పెట్టి మరో వాక్యంలో ఆయనతో పోట్లాడుతున్నాను.

నేను లేవబోతుంటే, "మిద్దె మీదికి రా. మీరు పోయే దావ యాదో చూపించు," అంది. ఆమె పెనుకొండకు వచ్చి ఇన్నేళ్ళైనా కొండ ఎక్కలేదు. మిద్దె మీద ఎండ తగ్గుతోంది. మెట్లు చూపించాను, గోడ చూపించాను, బురుజు చూపించాను. ఆమె కుడిచేతి చూపుడు వేలు గాలిలో నా వేలి వెంటే కదిలింది. బురుజు దాటాక నేను చెయ్యి దించాను. "ఆడ నుంచి దావ వెనక్కి తిరుగుతుందమ్మా. ఈడికి కనపడదు," అన్నాను.

ఆమె చెయ్యి దించలేదు. కొండ అంచు మీద, ఆకాశం మొదలయ్యే చోట, ఆ వేలు అట్లాగే ఆగి ఉంది.