సిస్టరమ్మ దగ్గు

ఇప్పటికీ గుంటూరు దాటి బస్సు మిరప కల్లాల పక్కగా వెళ్తుంటే, ఆ ఘాటుకి అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం నేను కొత్తగా నర్సుగా చేరిన ఊరి ఆసుపత్రి గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

నాకు పని నేర్పిన పెద్ద నర్సును అక్కా అని పిలిచేదాన్ని. ఊరందరికీ ఆవిడ సిస్టరమ్మ. వారాల తరబడి దగ్గేవాళ్ల కళ్లె టీబీ పరీక్షకు పంపడం మా పని. కాయల కోతకెళ్లే ఊరి కూలి ఆడవాళ్లు సిగ్గుపడి డబ్బాలో ఉత్త ఉమ్మి ఊసి ఇచ్చేవాళ్లు. అందుకని అక్కే పెరట్లో వేపచెట్టు కింద డబ్బా పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఎలా దగ్గాలో దగ్గి చూపించేది. వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. జబ్బు తేలినవాళ్లు మాత్రలు ఆవిడ ఎదుటే బల్ల మీద కూర్చుని మింగాలి. ఎంతటి ఆసామి అయినా నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించందే లేవనిచ్చేది కాదు.

మా సంగతి వేరు. జ్వరమొస్తే అలమరలోంచి ఓ మాత్ర వేసుకుని పనిలో పడేవాళ్లం. ఊరందరికీ బీపీ చూసేవాళ్లమే గాని, మాది మేం చూసుకున్న పాపాన పోలేదు. రోజూ రోగుల మధ్యే ఉంటాం కాబట్టి మన ఒళ్లు రాటుదేలిపోయిందని అక్క అనేది. తెల్లచీర కట్టుకుంటే జబ్బులు భయపడతాయని నేనూ నమ్మాను.

ఆ ఏడు కల్లాలు ఎత్తేశాక ఊరి దగ్గు తగ్గింది. అక్క దగ్గు తగ్గలేదు. జాకెట్లు వదులయ్యాయి. పరీక్ష చేయించుకోమని పోరితే, ఘాటు ఇంకా గొంతులోనే ఉందని కొట్టిపారేసేది.

ఒక పొద్దున వేపచెట్టు కింద ఎప్పటిలాగే దగ్గి చూపించబోయి, ఆపుకోలేకపోయింది. డబ్బాలో నెత్తుటి చార. నవ్వబోయిన ఆడవాళ్లు ఆగిపోయారు. ఆవిడ గబగబా మూత పెట్టి పారేయబోతే నేను లాక్కున్నాను. పేరు రాయొద్దని బతిమాలింది. రాసి, మిగతా డబ్బాలతో పాటే పంపాను.

టీబీయే. మందులు ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటానంది. ఊరికో రూలు, మీకో రూలా అన్నాను. మర్నాడు తలొంచుకుని వచ్చింది. బల్ల మీద కూలి ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. మాత్రలు మింగి, కొంగుతో మూతి తుడుచుకుని లేవబోయింది.

"నోరు తెరవండక్కా" అన్నాను.

కోపంగా చూసింది. కళ్లనీళ్లు తిరిగాయి. తెరిచింది. నాకూ ఏడుపొచ్చింది.

నెలలు గడిచి ఒళ్లు తేరుకుంది. ఆఖరి మాత్ర వేసుకున్న రోజు, నేను అడక్కముందే నాలుక ఎత్తి చూపించింది. తర్వాత బీపీ మిషను ముందుకు లాక్కుని, నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఏదీ, నీ చెయ్యి ఇటు పెట్టు" అంది.

ఉద్యోగంలో చేరాక నా చేతికి ఆ పట్టీ చుట్టడం అదే మొదటిసారి.