పాస్‌వర్డ్ తెలిసినా ఆపిన మెషీన్

1998 వేసవిలో నేను తార్నాకను ఆనుకుని ఉన్న విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ కేంద్రంలో సిస్టమ్స్ ప్రోగ్రామర్‌ని. డైరెక్టరు తర్వాతి హోదా నాది. నా కింద ముగ్గురు అసిస్టెంట్ ప్రోగ్రామర్లు. క్యాంపస్ మొత్తానికి ఈ-మెయిల్ అందించే మెషీన్ మా బాధ్యత. అది నాలుగేళ్లుగా లినక్స్ మీద నడుస్తుండేది. ఎవరైనా సోర్సు చదువుకుని, మార్చుకుని, పంచుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఫ్లాపీల్లో తెచ్చి ఎక్కించినవాణ్ణీ, కమిటీల్లో దాని తరఫున కొట్లాడినవాణ్ణీ నేనే.

పరీక్షా ఫలితాల రోజుల్లో మెయిల్ పేరుకుపోయి ఆ మెషీన్ నిలిచిపోయేది. ఫ్రీబీఎస్‌డీ అని మరో సిస్టమ్ ఉంది, దాని సోర్సూ అందరికీ తెరిచే ఉంటుంది. ఒకేలాంటి రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టి, ఒకే భారం మోపి చూశాను. మా దగ్గర ఫ్రీబీఎస్‌డీ ఉన్నది తట్టుకుంది. మరోచోట ఫలితం మరోలా రావచ్చు. పరీక్షకు నిలవని నమ్మకం ఎందుకని సభల్లో మతాల మీద, కులాల మీద విరుచుకుపడ్డవాణ్ణి, లినక్స్‌ను మాత్రం ఇలవేల్పుగా పెట్టుకుంటానా? సెలవుల్లో మార్చేశాను.

ఇక్కడ ఒక విషయం వివరించాలి. ఇలాంటి సిస్టమ్స్‌లో సర్వాధికారం 'రూట్' అనే ఖాతాది. మా పాత లినక్స్‌లో రూట్ పాస్‌వర్డ్ తెలిసినవారు ఎవరైనా అందులోకి వెళ్లగలిగేవారు. అది మా నలుగురికీ తెలుసు. ఫ్రీబీఎస్‌డీలో పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, 'వీల్' అనే గుంపులో పేరు కూడా ఉండాలి. ఎక్కించేటప్పుడు నా పేరొక్కటే చేర్చుకున్నాను.

సెలవులయ్యాక మౌలాలి నుంచి వచ్చే యాదగిరి మొదట కూర్చున్నాడు. ముగ్గురిలో సీనియర్. నాలుగేళ్లుగా సాయంత్రాలు ఇద్దరం తార్నాక ఇరానీ హోటల్లో టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. పాస్‌వర్డ్ కొట్టాడు. మెషీన్ కాదంది. మళ్లీ కొట్టాడు.

"ఏంది సార్ ఇది? పాస్‌వర్డ్ కరెక్టే ఉన్నది, లోపలికి రానిస్తలేదు."

సంగతి చెప్పాను.

"అంటే తెలివి ఉంటే సరిపోదు, పేరుండాలె. ఊర్లల్ల మీటింగులు పెట్టి మీరు తిట్టింది దీన్నే గద సార్?"

"ఒక్క లైనయ్యా. ఇప్పుడే నీ పేరు రాస్తాను."

"రాసేది మీరు, రాయించుకునేది మేమా? ఉండనీయుండ్రి."

నవ్వుతూనే అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. అడగకుండానే ముగ్గురి పేర్లూ చేర్చాను. ఆ సాయంత్రం హోటల్లో నేనొక్కణ్ణే కూర్చున్నాను. బేరర్ అలవాటుగా రెండు కప్పులు పెట్టి, ఒకటి వెనక్కి తీసుకుపోయాడు.

తర్వాత రూట్ పని ఏది వచ్చినా యాదగిరి నా గది గుమ్మం దగ్గర ఆగేవాడు. "సార్, గా పని మీరే చేయుండ్రి" అనేవాడు. మిగతా ఇద్దరూ అతని బాటే పట్టారు. మర్యాదలో లోపం లేదు. వాదన మాత్రం ఆగిపోయింది. ఏసీ హోరులో ఆ మెషీన్‌తో నేనొక్కణ్ణే మిగిలాను.

కొన్ని వారాలకు మాన్యువల్ తిరగేస్తుంటే ఒక వాక్యం కనిపించింది. వీల్ గుంపు ఖాళీగా ఉంటే, పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా రూట్ కావచ్చు. వెంటనే ఆ వరుసలోని పేర్లన్నీ చెరిపేశాను, నాది కూడా. యాదగిరిని పిలిచి చూపించాను.

అతను తెర మీది ఖాళీ వరుసను కాసేపు చూశాడు. "మంచిగున్నది సార్. మొదటి దినమే గిట్ల ఉంటే ఇంకా మంచిగుండు" అన్నాడు. తన సీటుకు వెళ్లిపోయాడు.

రూట్‌లోకి ఎవరు వెళ్లినా మెషీన్ నమోదు చేస్తుంది. నేను బదిలీ అయ్యేదాకా ఆ నమోదులో నా పేరొక్కటే ఉంది.

సిస్టమ్ మార్చడం సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అంటాను, పరీక్ష ఫలితం అదే. గడప దగ్గర ఒకసారి ఆపిన మనిషికి తర్వాత తలుపు తీస్తే సరిపోదని వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాను. అది గుళ్లకే కాదు, మెయిల్ మెషీన్‌కూ వర్తిస్తుందని ఆ ఉద్యోగంలో తెలిసింది.