రెండు డిగ్రీలు వెనక్కి

సోమందేపల్లె హైవే పక్కన కార్ల ఇంజన్లు ట్యూన్ చేసే కదిరప్పకు ఒకటే జబ్బు. లోకంలో ప్రతిదీ రెండు డిగ్రీలు ముందే మండుతోందని ఆయన నమ్మకం. ఇంజన్లను వెనక్కి తగ్గించినట్టే మనుషుల్నీ తగ్గించాలని చూసేవాడు.

ఇంజన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే నిప్పురవ్వ పడాలి. ఎంత ముందు పడాలన్నదే టైమింగ్; దాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. ముందుకు జరిపేకొద్దీ బండికి ఊపు వస్తుంది. మరీ జరిపితే పైకొస్తున్న పిస్టన్ నెత్తిన మంట మొట్టికాయ వేస్తుంది. రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగే ఆ చప్పుడు పేరు నాక్. కదిరప్పకు ఆ నాక్ కుక్కర్‌లో వినబడేది, ధర్మవరం మగ్గాల్లో వినబడేది, బావమరిది గొంతులో మరీ ఎక్కువగా వినబడేది.

"పాల ప్యాకెట్ తెమ్మని ఎన్నిసార్లు చెప్పల్ల!" అని భార్య లక్ష్మక్క అరిచిందంటే చాలు, ఆయన గాల్లో స్క్రూడ్రైవర్ తిప్పినట్టు వేళ్ళు తిప్పేవాడు.

"నాక్ వస్తాండాది. రెండు డిగ్రీలు వెనక్కి."

"అట్లనా? నీ సంగటి గూడా వెనక్కే పెట్టినా. పొయ్యి వెనకాల ఉండాది, పోయి ఎతుక్కో."

కంబదూరులో మేనకోడలి పెళ్ళి. డోలు జోరందుకోగానే కదిరప్ప లేచిపోయి దాని మీద అరచెయ్యి ఆనించాడు. "తగ్గించప్పా, పగుల్తాది." డోలు ఆగింది. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు. మేళం లేదు, అక్షింతలు పడలేదు, తాళి పట్టుకుని అతను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ఆ ఇంటి నుంచి మళ్ళీ పత్రిక రాలేదు.

ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు శశి. కాలేజీ మధ్యలో మానేసి, ఇంజన్ల గురించి దొరికిందల్లా చదివి, జిల్లాలో తనకంటే తెలిసినవాడు లేడని తేల్చుకున్నాడు. ఆ సంగతి జిల్లాకు పట్టడం లేదని రోజంతా మండుతూ తిరిగేవాడు. ఒక పాత ఎస్టీమ్ కారు కొని, టైమింగ్ లాప్‌టాప్‌తో మార్చుకునేలా దానికి కంప్యూటర్ బిగించుకున్నాడు. అది పోతే ఇంకో ఇంజన్ కొనే తాహతు లేదు.

బెంగళూరులో రేసు కార్ల గ్యారేజీ నడిపే రెబెకా శశికి కబురు పెట్టింది. "ఆదివారం మీ పక్క కార్ల పరుగులు చూసేకి వస్తాండా. నీ బండీ, దాని డేటా నచ్చితే నా దగ్గర పనిలో చేరు."

శనివారం శశి కారును కదిరప్ప షెడ్డుకు తెచ్చాడు.

"అన్నా, టైమింగ్ ముప్పై డిగ్రీలు ఉండాల."

"ఇరవై ఎనిమిది."

"ఎందుకు? గ్రాఫ్ చూడు, నాక్ యాడుండాది?"

"ఇది తెల్లారిజామున తీసిన గ్రాఫ్. రేపు ఎండలో నీ ఇంజన్ పీల్చేది గాలి కాదప్పా, నిప్పులు."

"పుస్తకంలో ముప్పై అని ఉండాది."

"ఆ పుస్తకం యాడ కూర్చొని రాసినారు? కంబదూరు బీడులోనా?" కదిరప్ప వేళ్ళు తిప్పాడు. "నువ్వు గూడా ముందే మండుతాండావు. రెండు డిగ్రీలు వెనక్కి."

శశి చూస్తుండగానే కదిరప్ప లాప్‌టాప్‌లో ఇరవై ఎనిమిది కొట్టాడు. తర్వాత బానెట్ ఎత్తి, ప్లగ్గులకు నిప్పురవ్వలు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేసి కాసేపు గొణుక్కున్నాడు. "ఏం చేస్తాండావన్నా?" అంటే, "దుమ్ము తుడుస్తాండా" అన్నాడు.

శశి మలుపు తిరగగానే టీ కొట్టు దగ్గర ఆగాడు. లాప్‌టాప్ తీసి, మళ్ళీ ముప్పై కొట్టి, విజయగర్వంతో టీ తాగాడు.

పరుగులు పెనుకొండ దారిలో ఒక లేఔట్‌లో. దాని బోర్డు మీద ఈతకొలను బొమ్మ ఉంది, బోరులో మాత్రం నీళ్ళు పడలేదు. ప్లాట్లు కొన్నవాడు లేడు గానీ సిమెంటు రోడ్డు నున్నగా మిగిలిపోయింది. శశికి పోటీగా అనంతపురం నుంచి విష్ణువర్ధన్ మెరిసే టర్బో కారులో దిగాడు. ఏదో మంచుదేశంలో ఎవరో చేసిన టైమింగ్ లెక్కల మ్యాప్‌ను డౌన్‌లోడ్ చేసి ఎక్కించుకున్నాడు.

"ఏం శశీ, మీ నాయన కాలం బండి కదుల్తాదా? తోసేకి మనుషుల్ని పంపాల్నా?"

మొదటి రెండు పరుగుల్లో టర్బో కారు శశికి దుమ్ము తినిపించింది. ఎండ ముదిరింది. ఆ తర్వాతి పరుగులో దాని బానెట్ కింద గులకరాళ్ళు మోగాయి, కాసేపటికి పొగ లేచింది. దాన్ని తోయడానికి నలుగురు భుజం వేశారు. అందులో శశి భుజం కొంచెం ఎక్కువ ఉత్సాహంగా పడింది.

రెబెకా ఎస్టీమ్ డేటా తెరిచి కనుబొమ్మలు ముడిచింది. "ఈ ఎండకు, ముప్పై డిగ్రీల టైమింగ్‌కు ఈ ఇంజన్ మోగల్ల. నాక్ గీత చూస్తే నిద్రపోతాంది."

ఇంజన్ స్టార్ట్ చేసి, తిరిగే పుల్లీ మీద టైమింగ్ లైటు కొట్టి చూసింది. "లాప్‌టాప్ ఎంత చెప్పినా రవ్వ రెండు డిగ్రీలు వెనక పడుతాంది. ఎవరో డిస్ట్రిబ్యూటర్ తిప్పినారు. ఎవరు?"

లాప్‌టాప్ తానిచ్చిన హుకుం చూపిస్తుందే తప్ప జరిగింది చూపించదని శశికి అప్పుడు వెలిగింది. 'నేనే' అనేస్తే పని ఖాయం. మాట పెదాల దాకా వచ్చింది.

"మా కదిరప్పన్న," అన్నాడు.

"మరి ఈ ముప్పై?"

"అది నేనే మేడం."

రెబెకా పుల్లీ వైపు చూసి నవ్వింది. "ఇంజన్ బతికింది, నువ్వు నిజం చెప్పినావు. సోమవారం వచ్చెయ్. ఆయన్ని గూడా పిలిస్తే వస్తాడా?"

"వస్తాడు మేడం. రెండు డిగ్రీలు వెనక, బస్సు పోయినంక."

ఆ సాయంత్రమే శశి షెడ్డులోకి దూసుకెళ్ళాడు. "దుమ్ము తుడిచినావా అన్నా, దుమ్ము!"

కదిరప్ప తల ఎత్తలేదు. "లాప్‌టాప్‌లో రెండు డిగ్రీలు తీసింది నీ కోసం. నువ్వు మలుపు తిరిగి మళ్ళా పెట్టుకుంటావని తెలుసు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసింది ఇంజన్ కోసం."

"అంటే నన్ను నమ్మలేదా?"

"అదేమప్పా! మళ్ళా పెట్టుకుంటావని నూటికి నూరు నమ్మినా కదా!"

శశి నోటికి ఘాటైన జవాబు వచ్చింది. అలవాటు లేకపోయినా రెండు డిగ్రీలు ఆగాడు. ఈలోగా నవ్వొచ్చేసింది.