కదలని మచ్చ

ఇప్పటికీ మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆ అక్క వేలే గుర్తొస్తుంది.

అల్లూరు దగ్గర రొయ్యపిల్లలను పెంచి అమ్మే ల్యాబులో ఆమె నా సీనియర్. మా మైక్రోస్కోపుకు లెన్సు కింద ఉండేది. గిన్నె నీళ్లలో ఉన్న రొయ్యపిల్లను అడుగు నుంచి చూసేవాళ్లం. పిల్ల ఒంటి మీద రోగపు మచ్చలాంటిది కనబడగానే ఆమె వేలితో గిన్నెను జరిపేది. "మచ్చ కదిలితే పిల్లది, కదలకుంటే మన లెన్సుది" అనేది.

ఒకరోజు ఆమె రాకముందే నేను మచ్చ చూసి, గిన్నె జరపకుండానే రోగమని రాసిచ్చాను. మిగతా తొట్లకు పాకకూడదని యజమాని తొట్టెడు పిల్లలూ చచ్చేట్టు బ్లీచింగ్ పోయించాడు. అక్క వచ్చి గిన్నె జరిపింది. పిల్ల జరిగింది, మచ్చ అక్కడే ఉంది.

"చెప్పేద్దామా అక్కా?" అన్నాను.

"చచ్చినవి లేచొస్తాయా?" అని నా రిపోర్టు కింద సంతకం పెట్టింది.

సాయంత్రం యజమాని, "ముందే పట్టేసినారమ్మా" అంటూ టీ తెప్పించాడు. అక్క తాగలేదు. గ్లాసును వేలితో జరుపుతూ కూర్చుంది.